అడిగితేనే నీళ్ళు

మా పెద్దమ్మ ఏడు దేశాలు చూసింది. సంతకం రాక పాస్‌పోర్టు కాగితాల మీద వేలిముద్ర వేసిన మనిషి. పదకొండేళ్ళు ఒక పెద్దింట్లో వంట చేసింది. ఆ ఇంటి అమ్మగారికి దేశాలు తిరగడం సరదా, బయటి తిండి మాత్రం పడదు. అందుకని ఎక్కడికెళ్ళినా పెద్దమ్మ వెంట ఉండాల్సిందే. అమ్మగారు హోటల్ కిటికీలోంచి ఫోటోలు తీసేది. పెద్దమ్మ సంచీ పట్టుకుని సంతకు పోయి, భాష రాకపోయినా చేతులతో బేరమాడి, నలుగురితో నవ్వి కూరలు తెచ్చేది. లోకం చూసిందెవరో మీరే చెప్పండి.

ఇప్పుడు అమ్మగారు తన ప్రయాణాల మీద పుస్తకం రాసింది. నేను ప్రూఫులు దిద్దే ప్రెస్సుకే అచ్చుకొచ్చింది. పెద్దమ్మ మురిసిపోతుందని ఇంటికి పట్టుకెళ్ళి చదివి వినిపించాను. అందులో బేరాలన్నీ అమ్మగారే ఆడింది, స్నేహాలన్నీ అమ్మగారే చేసింది. పెద్దమ్మ ఊసు భూతద్దం పెట్టి వెతికినా లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆవిడ మాత్రం పోనీలే, రాసుకోనీ అంటూ వంకాయలు తరుగుతూ కూర్చుంది.

నూట పన్నెండో పేజీ దగ్గర కత్తి పక్కన పెట్టేసింది. అమ్మగారు ఒక కొండ పల్లెలో ముసలమ్మ ఇంట్లో దిగిందట. అక్కడివాళ్ళవి రాతి గుండెలట, గుక్కెడు మంచినీళ్ళైనా ఇవ్వలేదట.

పచ్చి అబద్ధం అంది పెద్దమ్మ. ఆ పల్లెలో అతిథికి అడగకుండా నీళ్ళిస్తే, గతిలేక మా గడప తొక్కావన్నట్టు. అతిథే నోరు తెరిచి అడగాలి. అడిగితే ఇంటి మనిషైనట్టు. అమ్మగారు బిగుసుకుని కూర్చుంది, అడగలేదు. పెద్దమ్మ సైగ చేసి అడిగింది. ఆ ముసలమ్మ నీళ్ళిచ్చింది, రొట్టె పెట్టింది, పెద్దమ్మకు జ్వరమొస్తే నాలుగు రోజులు తల దగ్గర కూర్చుని తడిగుడ్డ వేసింది.

"నా ఊసు లేకపోతే మానె. ఉప్పు తిన్న ఇంటి మీద నింద పడనిస్తానా? ఆ మాట తీయించాలి" అంది.

మర్నాడు మిట్టమధ్యాహ్నం వెళ్ళాం. సాయంత్రానికి ప్రూఫులు మిషనుకు పోవాలి. అమ్మగారు మమ్మల్ని గుమ్మం పక్క స్టూళ్ళ మీద కూర్చోబెట్టి, తను సోఫాలో కూర్చుని అంతా విన్నది. పుస్తకమన్నాక కాస్త ఉప్పూకారం ఉండాలంది. ఆ ముసలిది చదివేనా పెట్టేనా అని నవ్వింది. ఒక్క వాక్యమే కదండీ అని నేనంటే, నాకు రాయడం నేర్పకు అంది. గట్టి మాటొకటి నా నాలుక చివరిదాకా వచ్చింది. పెద్దమ్మ నా చెయ్యి నొక్కి లేచి నిలబడింది.

"అమ్మగారూ, ఎండనపడి వచ్చాం. గంట దాటింది. మీరూ మంచినీళ్ళివ్వలేదు. మీది రాతి గుండె అని నేనెక్కడా రాయించను."

అమ్మగారి ముఖం కందగడ్డయింది. వంటింటి వైపు కేకేయబోతే, వద్దని చెప్పి పెద్దమ్మ చెప్పులు తొడుక్కుంది.

వీధి చివర టీ కొట్టు ఆవిడను కాసిని నీళ్ళిమ్మని అడిగి, గ్లాసు ఎత్తిన చెయ్యి దించకుండా తాగింది. అంత దాహం పెట్టుకుని అక్కడే అడగొచ్చుగా అని విసుక్కున్నాను.

"పదకొండేళ్ళు వండిపెట్టినా అది నా ఇల్లు కాలేదే. ఎలా అడగను?" అంది.

ప్రెస్సుకెళ్ళి నూట పన్నెండో పేజీ తీసి, ఆ వాక్యం మీద ఎర్ర సిరాతో అడ్డంగా గీత కొట్టి మిషనుకు పంపేశాను. ఉద్యోగం ఊడితే ఊడనీ. ఎవరు గీశారని అమ్మగారు వచ్చి అడగనీ, నేనే అని చెబుతాను.