అన్న గీసిన కప్పతల్లి

మొన్న మా అన్న మనుమరాలు వనపర్తి నుంచి వచ్చి, నా మంచం పట్టె మీద కూసోని, ఫోను చూసుకుంటనే అడిగింది. "జేజీ, పన్నెండు అయిపోయినంక నేను జీవశాస్త్రం డిగ్రీకి పోత. దానికంటె ముందుగాల బడిల ఇంకొక్క సబ్జెక్టు ఎక్కువ తీసుకోవాలె. నాయినేమో కంప్యూటరు అంటుండు, అమ్మ లెక్కలు అంటుంది. నువ్వేమంటవు?" నేనేమంట? నా చదువు సంతకం కాడనే ఆగిపాయె. ఇంట్ల అందరినీ అడిగి అడిగి అలిసిపోయి, ఆఖరుకు మూలకు పండుకున్న ముసలిదాని దగ్గరికి వచ్చింది పిల్ల. కాని గీ మాట నేను ఎన్కట ఒకసారి విన్న. అప్పుడు మా ఇంట్ల కరెంటు లేదు, భూమి మీద తడి లేదు, రాజ్యం నిజాం నవాబుది. అడిగింది ఈ పిల్ల తాతే.

మా ఊరు వీపనగండ్ల దిక్కు. అంతా మెట్ట. జొన్న, ఆముదాలు, ఏడాది బాగుంటే నాలుగు కుప్పలు, లేకుంటే మొగులు దిక్కు చూసుడు. అన్న వనపర్తిల మా మేనమామ ఇంట్ల ఉండి పెద్ద బడి చదువుతుండె. చదువంతా ఉర్దూల. సెలవుకు ఇంటికి వస్తే పుస్తకం పట్టుకునేది తక్కువ, గోడ మీది బల్లిని చూసుకుంట కూసునేది ఎక్కువ. పొలం నుంచి సోలిపోయి వచ్చిన నాయినకు అది చూస్తే ఒళ్లు మండుతుండె. "ఏందిరా, బల్లి నీకేమన్న చెప్తుందా?" అనేటోడు. "చెప్తలేదు నాయినా, తోక ఊడిపోయింది గద, మల్ల ఎట్ల మొలుస్తదో చూస్తున్న" అనేటోడు అన్న. నాయినకు నవ్వొచ్చేది, కాని నవ్వనీకె గూడ ఓపిక ఉండాలె గద. తలకాయ ఊపి, కాళ్లు కడుక్కోనీకె లోటల అడుగున ఉన్న నీళ్లను రెండు కాళ్లకు సగం సగం పోసుకుని లోపలికి పోతుండె.

ఆ ఏడు అన్నది ఆఖరి తరగతి. అది దాటితే పట్నం కాలేజీల చెట్ల చదువు, జీవాల చదువు చదవాలని వాని ఆశ. గట్లాంటి చదువు ఒకటి ఉంటదని మా ఊర్ల ఎవ్వరికీ తెల్వదు. పశువుల దవాఖానల నౌకరి కావచ్చు అనుకునేది మా అమ్మ. దానికి పోవాలంటే ఆఖరి ఏడు ఒక సబ్జెక్టు ఎక్కువ తీసుకోవాలె. ఉన్నవి రెండే, ఒకటి ఫార్సీ, ఒకటి డ్రాయింగు. డ్రాయింగు సారు అన్నను పిలిచి చెప్పిండంట, "జీవాల చదువు కావాలంటే చూసింది చూసినట్టు గియ్యాలె. ఫార్సీతోని నువ్వు ఆ కాలేజీకి అర్జీ గూడ పెట్టలేవు. కాని నీ చెయ్యి బాగలేదు. పానమున్నదాన్ని ఎదురుంగ పెట్టుకుని ఒక్క బొమ్మ గీసుకరా. చూసి పేరు రాసుకుంట. నెలాఖరుకు పేర్లు పోతయి." సారు మాట అబద్ధం కాదు. అంతకుముందు అన్న మా ఎద్దును గీస్తే పంది లెక్క వచ్చింది. ఎద్దుకు కోపం రాలే గాని నాయినకు వచ్చింది.

నాయినేమో ఫార్సీ అన్నడు. సర్కారు కచేరి కాయితాలన్నీ ఉర్దూలనే నడుస్తున్నా, ఫార్సీ వచ్చినోడంటే పెద్దోడని మా దిక్కు ఒక నమ్మకం. "ఫార్సీ వస్తే ఎండల పనిలేదు. నీడకు కూసుంటవు. బొమ్మలు గీసి ఎవని ఇంట్ల బతుకుతవురా?" అన్నడు. అన్న బతిమాలిండు. ఒకదినం కాదు, సెలవులు ఉన్నన్ని దినాలు. ఆఖరుకు నాయినే అలిసిపోయి, "సరే, సారు మెచ్చెటట్టు గీస్తే నీ ఇష్టం. లేకుంటే ఫార్సీ" అన్నడు. మా ఇంట్ల ఏ పంచాయితీ అయినా గట్లనే తెగుతుండె, ఒకరు గెలుసుడు కాదు, ఒకరు అలిసిపోవుడు.

అన్న బాయిల దిగి ఒక కప్పను పట్టుకొచ్చిండు. పశువుల కొట్టంల గంప కింద తడి గోనె మీద పెట్టిండు. ఆ ఎండలకు ఊరంతట కప్ప అన్నది దొరుకుడే గగనం. మిరుగు కార్తె పోయింది, ఆరుద్ర కార్తె పోయింది, చినుకు లేదు. దుక్కి దున్నిన చెల్కలు పెంకుల లెక్క ఎండినయి. ఆడోళ్లంత కూడి కప్పతల్లి ఆడాలని మాట్లాడుకున్నరు. రోకలికి నడుమ కప్పను కట్టి, యాపమండలు చుట్టి, ఇద్దరు ఆడపిల్లలు భుజాల మీద మోసుకుంట ఇల్లిల్లూ తిరిగితే, ఇంటావిడ ఒక చెంబు నీళ్లు కప్ప మీద గుమ్మరిస్తది. కప్ప తడిసి అరిస్తే వాన దిగుతదని. ఊరు మొత్తం వెతికితే దొరికిన కప్ప ఒక్కటే, మా గంప కిందిది. మా పెద్దమ్మ, నాయిన వాళ్ల వదినె, గోడ అవతలనే ఇల్లు, వచ్చి గంప లేపి తీసుకపాయె. అన్న పలక, కాయితం అందుకుని లేసిండు. "పెద్దమ్మా, తీసుకపో. నేను గూడ వెంట వస్త" అన్నడు.

రోకలి ఒక కొస నా భుజం మీద. నేను పొట్టి, రెండో కొస పట్టిన పిల్ల పొడుగు. కప్ప నా దిక్కే జారుకుంట వస్తుండె. అన్న ఎదురుంగ ఎనుకకు నడుసుకుంట, పలక మీద కాయితం పెట్టుకుని గీసుకుంట వచ్చిండు. "జర ఆగున్రి! కాలు కదిలింది!" అని ఒర్రుతుండు. ఆడోళ్లు నవ్వి నవ్వి పాట మరిచిపోయిన్రు. "పిల్ల నచ్చిందారా? లగ్గం పెట్టుకుందమా?" అని ఒకామె. "కట్నం ఏమిస్తరో అడుగున్రి" అని ఇంకొకామె. ప్రతి ఇంటి ముంగల నీళ్లు పడ్డప్పుడల్లా అన్న కాయితం కూడా తడిసేది, అంగి కింద దాచుకునేటోడు. తాగనీకె లేని నీళ్లు. కొందరు చెంబు నిండుగ తేలేకపోయిన్రు, దోసిట్ల పోసి మొఖం తిప్పుకున్నరు. ఆ నవ్వుల నడుమ అది నాకిప్పటికీ యాదికుంది. తిరుగుడు అయినంక కప్పను మల్ల బాయిల విడిచిపెట్టిన్రు.

మాపటేళకు నిజంగనే మొగులు పట్టింది. ఊరంత బయటికొచ్చి నిలబడ్డది. అన్న మా అరుగు మీద కూసోని బొమ్మకు ఆఖరి గీతలు పెడుతుండు. రోకలి, యాపమండలు, కట్టిన తాడు, దాని నడుమ కప్ప. ఆ బొమ్మ నేను చూసిన. ఎద్దును పందిని చేసిన చెయ్యేనా ఇది అనిపించింది. గంతల్నే గాలి లేసింది. మొగులు మొగులంత కృష్ణా ఏటి అవతలికి కొట్టుకపాయె.

పెద్దమ్మ వచ్చి బొమ్మ చూసింది. "ఓరి నీ చెయ్యి ఇరగ! తల్లిని కాయితంల కట్టేసినవు గదరా! ఇంక ఆమె ఎట్ల కదులుతది, వాన ఎట్ల తెస్తది?"

"పెద్దమ్మా, కప్ప బాయిలనే ఉంది. గిది ఉత్త కాయితం."

"ఉత్త కాయితమైతే కండ్లు గట్ల ఎందుకు చూస్తున్నయిరా?"

ఆ బొమ్మకు దక్కిన మెప్పు అదొక్కటే.

తెల్లారెవరకు ఆ మాట వాడంత పాకింది. ఎవరూ కొట్లాటకు రాలే, అందరూ వచ్చి మా గడపల కూసున్నరు, అంతే. ఎండిన పెదాలు, ఎండిన కుండలు. అమ్మ అన్న పక్కన కూసోని, వాని చెయ్యి తన చేతిలకు తీసుకుంది. "కొడుకా, నిజమో అబద్ధమో నాకు తెల్వదు. వీళ్ల మొఖాలు చూడలేకపోతున్న. ఆ కాయితం బాయిల ఏసెయ్. వాన పడేదాక పానమున్నదేదీ గియ్యనని నా చేతిల చెయ్యెయ్. బడి ఏడికి పోతది? వచ్చే ఏడు గూడ ఆడనే ఉంటది" అన్నది. అన్న శానసేపు అమ్మ చేతిని చూసుకుంట కూసున్నడు. ఎందుకో ఆ చేతిని గూడ గియ్యాలని చూస్తున్నట్టే ఉండె. తర్వాత చేతిల చెయ్యేసిండు.

బాయికాడికి నన్ను వెంట తోలుకపోయిండు. కాయితం మెల్లగ తిరుక్కుంట పోయి, అడుగున ఉన్న మోకాలెత్తు నీళ్ల మీద పడ్డది. మునగలే. తేలుకుంట ఉండె. "కప్ప కనపడుతుందా చూడు" అన్నడు నాతోని. నాకు కనపడలే. కనపడుతుందని చెప్పిన.

నెలాఖరు దాక వాన రాలే. అన్న మాట తప్పలే. వనపర్తికి పోయి ఫార్సీకి పేరిచ్చిండు. పేరిచ్చిన వారంలనే వాన దంచి కొట్టింది. బాయి నిండింది, గుంటలు నిండినయి, ఊరంత కప్పలే. పెద్దమ్మ మా ఇంటికొచ్చి అన్న లేని మంచం దిక్కు చూసి దిష్టి తీసింది. ఆమె మాట నిజమైందని ఆమె సంబురం. పంటలు వచ్చినయి, అందరం తిన్నం. నేను గూడ తిన్న.

వచ్చే ఏడు గూడ బడి ఆడనే ఉండె. కాని అన్న మల్ల పోలే. ఫార్సీ చదివిండని ఒక కచేరిల నకలు రాసే పని దొరికింది, పెండ్లి చేసిన్రు. కొన్నేండ్లకు రాజ్యం మారింది, కచేరి రాత మారింది, ఫార్సీ అడిగెటోడే లేకపాయె. అన్న నెత్తి నెరిసినంక ఇంగ్లీషు అక్షరాలు దిద్దుకున్నడు. అమ్మను ఒక్కనాడు ఒక్క మాట అనలే. తొలివానకు కప్పలు అరుస్తుంటె మటుకు, తినేది ఆపి, కొంచెం సేపు ఊకె కూసునేటోడు.

గిదంత చెప్పినంక పిల్ల ఫోను పక్కన పెట్టింది. "మరి నేనేం తీసుకోవాలె జేజీ?" అన్నది. నీకు ఏది లేకుంటె నిద్ర పట్టదో అది తీసుకో బిడ్డా, ఇయ్యాల్నే పేరు ఇచ్చిరా అన్న. అమ్మ చెప్పింది అబద్ధమేం కాదు, బడి ఇప్పటికీ ఆడనే ఉంది, వాన గూడ ముందో ఎనుకనో ఏటేటా వస్తనే ఉంది. ఆ ఏటి మా అన్న మటుకు మల్ల రాలే.