మెట్ల మలుపులో అతుకు

లైన్‌మన్ ఉద్యోగం నుంచి రిటైరై రెండేళ్ళయినా, ఆయన భుజం మీది పనిముట్ల సంచి మాత్రం రిటైర్ కాలేదు. శుభకార్యానికి వెళ్ళినా, పరామర్శకు వెళ్ళినా అది వెంట ఉండాల్సిందే. ఎవరింట్లోనైనా ఫోను గరగరమందంటే చాలు, పలకరింపులు పక్కన పెట్టి గోడలు తడుముతూ నిలబడతాడు. "ఈయన మనుషుల్ని చూడ్డానికి రాడమ్మా, తీగల్ని చూడ్డానికి వస్తాడు" అని భార్య నలుగురిలో ఎన్నిసార్లు అన్నా చీమ కుట్టినట్టు కూడా ఉండదు.

ఆ రోజు మాత్రం సంచి తెచ్చినందుకు ఆమె ఏమీ అనలేదు. అనే ఓపిక లేదు. గుండెలో ఒక కవాటం సరిగా మూసుకోవడం లేదని, ఆపరేషన్ తప్పదని పెద్ద ఊరి ఆసుపత్రివాళ్ళు తేల్చేశారు. రక్తపరీక్షల రిపోర్టు ఆ సాయంత్రం ఐదింటిలోపు ఫ్యాక్స్‌లో అందితే వచ్చే మంగళవారానికి మంచం ఇస్తారు. అందకపోతే ఆ మంచం ఇంకొకరికి పోతుంది, మళ్ళీ వంతు మూడు నెలలకు. మూడు నెలలంటే మాటలా? నాలుగు మెట్లెక్కితే గోడ పట్టుకుని నిలబడిపోయే మనిషి. అందుకే పొద్దున ల్యాబువాళ్ళు రక్తం కూడా మెట్ల కింద బల్ల మీద కూర్చోబెట్టే తీసుకున్నారు. ఇప్పుడూ ఆ బల్ల మీదే కూర్చుని ఉంది, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని.

రిపోర్టు మూడున్నరకే తయారైంది. చిక్కల్లా పంపడంలో వచ్చింది. ల్యాబు ఉన్నది ఏనాటిదో ఒక పాత మేడలో. నీళ్ళ గొట్టం పగిలి కింది గదులు చెరువైతే, నేలంతా తవ్వి, కరెంటు తీసేసి, ల్యాబును సామానుతో సహా పైకి మార్చి మూడు రోజులే అయింది. ఫోను లైను మాత్రం కిందికే వస్తుంది. పైగదికి ఎప్పటిదో పాత తీగ ఒకటి మెట్ల పక్క గోడకు చెక్క పట్టీలో పడి ఉంటే, ఎలక్ట్రీషియన్ దానికే కలిపి చేతులు దులుపుకున్నాడు. ఫోన్లో మాటలు వినబడుతున్నాయి. ఫ్యాక్స్ మాత్రం సగం కాగితం మింగి, కీచుమని అరిచి మొండికేస్తోంది.

"నాలుగోసారి బాబాయిగారూ" అంది ల్యాబు నడిపే అమ్మాయి, ఏడుపుమొహంతో. "వీధి చివర ఫ్యాక్స్ షాపుంది గానీ, కాగితం నెత్తిన మా నంబరు పడితేనే ఆసుపత్రివాళ్ళు తీసుకుంటారట. ఎంత బతిమాలినా వినట్లేదు."

"షాపెందుకమ్మాయ్, నేను లేనూ?" అన్నాడాయన సంచి దింపుతూ. పైకి అంత ధీమా. లోపల మాత్రం బెరుకే. ముప్పై ఎనిమిదేళ్ళ సర్వీసులో ఎన్ని వందల ఇళ్ళకు లైన్లు బాగుచేశాడో లెక్కలేదు, ఒక్కనాడూ చెయ్యి తడబడలేదు. ఈ లైను చివర ఉన్నది తన పెళ్ళాం ప్రాణం.

ముందుగా ఎలక్ట్రీషియన్ కలిపిన చోటు విప్పాడు. తప్పంతా అక్కడే ఉంటుందని ఆయనకు గట్టి నమ్మకం, చెప్పాలంటే ఆశ కూడా. తీరా చూస్తే అతుకు ముత్యంలా ఉంది. వంక పెట్టడానికి ఏమీ దొరక్క కాస్త చిన్నబుచ్చుకున్నాడు. కింద టెస్టు ఫోను తగిలించి విన్నాడు, లైను నిశ్శబ్దంగా, శుభ్రంగా ఉంది. పైకి వెళ్ళి విన్నాడు, నూనెలో ఆవాలు వేసినట్టు చిటపట. మాటలకు ఆ చిటపట అడ్డం కాదు, మనిషి చెవి సర్దుకుపోతుంది. ఫ్యాక్స్‌కి ఆ సర్దుబాటు చేతకాదు.

"రోగం మెట్లలోనే ఉంది" అని తేల్చి, చెక్క పట్టీ మూతలు ఒక్కొక్కటే ఊడదీస్తూ దిగాడు. మెట్లు మలుపు తిరిగే చోట గోడ చెమ్మకి ఉబ్బింది. అక్కడి మూత తీయగానే కనబడింది. తీగ చాలక ఎవడో రెండు గజాల ముక్క అతికాడు. చేత్తో మెలిపెట్టి, పైన గుడ్డ టేపు చుట్టి వదిలేశాడు. రాగి పచ్చగా చిలుం పట్టిపోయింది.

ఆయనకు ఒళ్ళు మండిపోయింది. "ఏ దద్దమ్మ చేశాడమ్మా ఈ పని! ఇది అతుకా, జడా? వీడికి జీతమిచ్చినవాణ్ణి అనాలి!"

"ఎవర్నండీ తిడుతున్నారు?" అంది భార్య కింది నుంచి.

"ఎవడో శుద్ధ మొద్దు! తీగ తక్కువైతే స్టోరుకెళ్ళి కొత్త చుట్ట తెచ్చుకోవాలి గానీ, గోడలో అతుకేస్తాడా ఎవడైనా? నా కింద పనిచేసి ఉంటే చెవి మెలిపెట్టేవాణ్ణి!"

అంటూనే చేతిలోని మూత తిరగేశాడు. లోపలివైపు పెన్సిల్‌తో ఒక తేదీ, కింద నలభై ఒకటి అనే అంకె. నాలుగుకు తోక, ఒకటికి టోపీ.

నలభై ఒకటి ఆయన లైన్‌మన్ నంబరే. ఆ తోకా టోపీ కూడా ఆయనవే. పని మొదలుపెట్టే ముందే మూత లోపల తేదీ, నంబరు రాయడం ఆయనకు పని నేర్పిన మేస్త్రీ పెట్టిన అలవాటు. "ముందే సంతకం పడితే పని పాడుచేయబుద్ధి కాదురా" అనేవాడు మేస్త్రీ. ఇక ఆ తేదీ ఆయనకు కొత్తదేం కాదు. ఏటేటా కూతురికి చొక్కాయో గౌనో కొనిపెట్టిన తేదీ.

మెట్టు మీద చతికిలబడ్డాడు. ముప్పై ఒక్కేళ్ళ కిందటి సాయంత్రం మొత్తం ఒక్కసారి మీద పడింది. ఈ మలుపు దగ్గరే తీగ చాల్లేదు. స్టోరుకు బయల్దేరబోతుంటే కబురొచ్చింది, భార్యకు నొప్పులొస్తున్నాయని. సంచిలో దొరికిన ముక్క మెలిపెట్టి, టేపు చుట్టి, రేపొచ్చి సరిచేద్దామనుకుని సైకిలెక్కాడు. వెళ్ళేసరికి పిల్ల పుట్టి అరగంటైంది. ఇంత ఆలస్యమేమని అత్తగారు నిలదీసింది. పక్కనే, శుభాకాంక్షలు చెబుదామని వచ్చిన పై అధికారి ఉన్నాడు. మరేమంటాడు? "పని సగంలో వదిలే అలవాటు లేదండీ, పూర్తి చేసుకునే వచ్చాను" అన్నాడు ఛాతీ విరుచుకుని. మంచం మీది భార్య విన్నది. అదే వారంలో ఊరి అవతలి సెక్షన్‌కు బదిలీ. ఆ రేపు మరి రాలేదు. చెప్పిన మాటే చెప్పగా చెప్పగా ఆయనా దాన్నే నమ్మేశాడు, ఈ మేడనే మరిచిపోయాడు.

"ఏమండీ, తిట్లాగిపోయాయేం? ఒంట్లో బాగానే ఉందా?"

"ఆఁ, బాగానే ఉంది" అని లేచాడు. నాలుగు దాటి పావుగంటైంది. ఆ తీగ జోలికి మళ్ళీ పోలేదు. సంచిలోంచి కొత్త చుట్ట తీశాడు. ఈసారి ముందే మెట్ల పొడుగునా పరిచి చాలుతుందో లేదో చూసుకున్నాడు. కింది పెట్టె నుంచి పైగది దాకా, మెట్ల కమ్మీల వెంట కడుతూ, ఒక్క అతుకు లేకుండా లాగాడు. అమ్మాయి పైనుంచి అందుకుంది. చెమటకు కళ్ళజోడు జారిపోతోంది, తుడుచుకోవడానికి తీరిక లేదు. ఐదుకు పన్నెండు నిమిషాలుందనగా టెస్టు ఫోను చెవిలో పెట్టుకున్నాడు. చిటపట లేదు.

"పెట్టమ్మాయ్ కాగితం."

యంత్రం మొదటి పేజీ లోపలికి లాక్కుంది. ఇంతకుముందు ఆగిన చోట ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. ఆగలేదు. రెండోది. మూడోది. చివర చిన్న చీటీ ఒకటి బయటికొచ్చింది, మూడు పేజీలూ చేరాయని. ఆయనకు ఆ చీటీ చాల్లేదు. అమ్మాయి చేత ఆసుపత్రికి ఫోను చేయించాడు.

"అందిందట బాబాయిగారూ! పేరు ఎక్కించారట! మంగళవారం పొద్దున ఎనిమిదికల్లా రమ్మన్నారు!" అని అమ్మాయి మెట్ల మీద నుంచే అరిచింది. "పిన్నిగారూ, విన్నారా?"

ఆయన గబగబా దిగి చూస్తే భార్య కొంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది. పక్కన కూర్చున్నాడు. ఎన్ని నెలలైందో అలా స్తిమితంగా ఒకచోట కూర్చుని. గుండెల మీంచి బండ దించినట్టుంది. ఆ తేలికలోనే, ఇక దాచడం తన వల్ల కాక, దిగుతూ మలుపు దగ్గర తీసుకున్న చెక్కమూత ఆమె ఒళ్ళో పెట్టాడు.

ఆమె తేదీ చదివింది. కింద అంకె చదివింది. తలెత్తి మెట్ల మలుపు వంక చూసింది.

"ఇందాక తిట్టిన దద్దమ్మ..."

"నేనే."

"పని పూర్తి చేసుకుని వచ్చానన్నారుగా ఆ రోజు?"

"అన్నాను. చెయ్యలేదు. కబురు రాగానే మెలిపెట్టి పారేసి పరిగెత్తాను."

ఆమె పెన్సిల్ గీత మీద వేలు పెట్టి నెమ్మదిగా నిమిరింది. "ముప్పై ఒక్కేళ్ళండీ. నాకంటే ఫోను తీగే ఎక్కువైందని ఎన్నిసార్లు దెప్పాను మిమ్మల్ని! ఒక్కసారైనా చెప్పొచ్చుగా?"

"చెబితే పని దొంగనని తెలిసిపోదూ?"

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వితే ఆయాసం వస్తుందని తెలిసినా ఆపుకోలేదు. ఆయనే కంగారుపడి వీపు నిమిరాడు. నవ్వు తగ్గాక ఆమె మూతను చేతిసంచిలో పెట్టుకుంది.

"అదెందుకు? పట్టీకి కావాలి. కొత్త తీగ కమ్మీలకు వేలాడుతోంది, రేపొచ్చి అందులో పెట్టాలి."

"మీ రేపు సంగతి నాకు తెలియదా?" అంది ఆమె లేచి ఆయన భుజం పట్టుకుంటూ. "రేపు నేనూ వస్తా. పనయ్యేదాకా ఈ బల్ల మీదే కూర్చుంటా. అప్పుడిస్తా మూత."