సమ్మన్న కాలు మీద పడిన నింద

తొమ్మిదేళ్లుగా ఒక మాటను లోపల పెట్టుకుని తిరుగుతున్నాను. అన్నం తింటున్నా, బోల్టు బిగిస్తున్నా, నలుగురిలో నవ్వుతున్నా అది అక్కడే ఉంటుంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నానేమో. తెలిసిన ముఖం ఎదురుగా ఉంటే ఈ మాట గొంతు దాటి రాదు. ఎన్నోసార్లు ప్రయత్నించాను.

నేను గోదావరిఖనిలో మెకానిక్‌ని. సమ్మన్న అప్పట్లో ఓపెన్ కాస్ట్ గనిలో డంపర్ నడిపేవాడు. ఇల్లంత బండిని వానాకాలపు బురద వాలు మీద కూడా చెయ్యి వణకకుండా దించేవాడని తోటివాళ్లు చెప్పుకునేవారు. నాకంటే పదేళ్లు పెద్ద. షిఫ్టు అయిపోగానే నా షెడ్డుకు వచ్చేవాడు. ఇద్దరం కలిసి ఒక పాత పెట్రోలు జీపును రేసుకు తయారు చేసుకున్నాం. గోదావరి అవతల, జైపూర్ వైపు బీడు నేలలో ఏటా మట్టి రేసు పెట్టేవారు. నడిపేది ఆయన, ఇంజను చూసేది నేను.

పదేళ్ల కిందట రెండో స్థానంలో వచ్చాం. గెలిచిన జీపును తయారుచేసిన మెకానిక్ చుట్టూ జనం మూగారు. నన్ను ఎవరూ పలకరించలేదు. అంత చిన్న విషయం. దాన్ని ఏడాది పొడవునా నమిలాను.

ఇంజనుకు గాలి ఎంత బాగా అందితే అంత ఊపు వస్తుంది. ఎత్తయిన ఎయిర్ ఫిల్టరు వేస్తే గాలి ధారాళంగా వెళ్తుంది, మా బొగ్గు దుమ్ముకు త్వరగా మూసుకుపోదు కూడా. కానీ ఎత్తయినది పెడితే బానెట్ మూత పడదు. ఫిల్టరు కింద, కార్బురేటర్ మూతి మీద పళ్లెం లాంటిది ఒకటి ఉంటుంది. దాన్ని బేస్ అంటాం. మా జీపుకు ఉన్నది చదునుది. దాని బదులు గుంటగా కిందికి దిగిన బేస్ వేస్తే ఫిల్టరు కిందికి కూర్చుంటుంది, బానెట్ పడుతుంది. మంచిర్యాలలో రెండు రోజులు తిరిగి అలాంటిది వెతికి తెచ్చాను.

బిగించాను. యాక్సిలరేటర్ తొక్కితే కార్బురేటర్ పక్కన ఒక చిన్న లివర్ తిరుగుతుంది. దాన్ని చేత్తో చివరిదాకా తిప్పి చూశాను. చివర్లో కిర్రుమంది. బేస్ అంచు తగులుతోంది. వినబడలేదని ఇప్పుడు కూడా అనవచ్చు. వినబడింది. మధ్యలో ఒక రింగు వేసి బేస్‌ను పైకి లేపితే సరిపోయేది, కానీ బానెట్ పడేది కాదు. పాత బేస్ వేస్తే ఆ ఊపు పోయేది. ఆకురాయితో అంచును కాస్త గీకాను. మళ్లీ తిప్పాను. చప్పుడు తగ్గింది. పోలేదు. తగ్గితే చాలని నాకు ఎందుకనిపించింది? దాని మీద కూర్చునేది నేనైతే చాలనిపించేదా?

రేసులో రెండో చుట్టుకే సమ్మన్న అందరికన్నా ముందున్నాడు. ఇంజను గొంతు విని పొంగిపోయాను. తిన్నటి దారి చివర మలుపు ఉంది. అక్కడ ఆ గొంతు తగ్గాలి. తగ్గలేదు. జీపు మట్టి కట్టను గుద్దుకుని పక్కకు పడిపోయింది.

అందరూ సమ్మన్న దగ్గరికి పరుగెత్తారు. నేను బానెట్ దగ్గరికి పరుగెత్తాను. ఇంజను ఆపడానికి వెళ్లాననుకున్నారు. ఆపాను కూడా. కానీ నేను చూడడానికి వెళ్లింది లివర్‌ను. అది బేస్ అంచు కింద ఇరుక్కుని, వెనక్కి రాలేక చివరిదాకా తిరిగే ఉంది. వేలితో విడిపించాను. నా వెనక ఆయన అరుస్తున్నాడు. మర్నాడు పొద్దున్నే, ఎవరూ చూడకముందే, పాత బేస్ తిరిగి బిగించేశాను.

ఆయన కుడి పాదం చితికిపోయింది. దవాఖానలో మూడో రోజు నా చెయ్యి పట్టుకుని అడిగాడు.

"తమ్మీ, నువ్వు ఇంజన్ చూసినవ్ గదా. ఏమన్న పట్టేసిందా? నేనైతే కాలు ఎత్తిన అనిపిస్తాంది రా."

"అంత మంచిగనే ఉందన్న."

"మరి బండి ఆగలే ఏంది?"

"భయంల ఏ పెడల్ తొక్కుతున్నమో తెల్వదన్న. ఎవలకైన గట్లనే అయితది."

ఆయన మెల్లగా అన్నాడు. "అంతేనేమో తియ్యి. నువ్వు చెప్తే అంతే."

తప్పు చేయడం ఒక ఎత్తు. ఆ మంచం పక్కన నేను చేసింది మరొకటి. తన కాలు చెప్పిన నిజాన్ని పక్కన పెట్టి నా మాట నమ్మాడు ఆయన.

ఆ పాదంతో డంపర్ నడపడానికి పనికిరాడన్నారు. గని స్టోరులో కూర్చోబెట్టారు. బ్రేకు బదులు యాక్సిలరేటర్ తొక్కినవాడని చాయ్ హోటల్లో ఎగతాళి చేస్తే, ఆయన కూడా వాళ్లతో కలిసి నవ్వుతాడు. నేనూ నవ్వాను. అవును, నేను కూడా. ఇప్పటికీ తన స్కూటర్‌ను నాకు తప్ప ఎవరికీ ఇవ్వడు.

పోయిన వారం కూతురు స్వప్నతో కలిసి షెడ్డుకు వచ్చాడు. ఆ పిల్ల కారు నేర్చుకోవాలనుకుంటోంది. "నాయినా, నువ్వే పక్కన కూసోని నేర్పియ్యి" అంది.

ఆయన నా వైపు చూసి నవ్వి, "నా కాలే నా మాట ఇనది బిడ్డా. కాకను అడుగు, కాక నేర్పుతడు" అన్నాడు.

చేతిలోని పానాను కిందపెట్టి వెనక్కి వెళ్లిపోయాను. చేతులు కడుక్కుంటున్నట్టు అక్కడే నిలబడ్డాను, వాళ్లు వెళ్లిపోయేదాకా.

క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. అది మీరు ఇచ్చేది కాదు. రేపే వెళ్లి ఆయనకు చెబుతానని మాట కూడా ఇవ్వలేను. అలాంటి రేపులు నాకు చాలా గడిచిపోయాయి. ఇది రాస్తున్నప్పుడు కూడా మొదట "లివర్ ఇరుక్కుపోయింది" అని మాత్రమే రాశాను, దానంతట అదే ఇరుక్కున్నట్టు. కొట్టేశాను. తగులుతుందని తెలిసి నేను బిగించిన బేస్ కింద అది ఇరుక్కుంది. సమ్మన్న కాలు ఎత్తాడు. సరైన సమయానికే ఎత్తాడు. ఈ మాటలు రాసి, పైకి ఒకసారి చదువుకున్నాను. నా గొంతులో వాటిని వినడం ఇదే మొదటిసారి.