తేటపడిన గొట్టం

ఉప్పునీళ్లు లేనిదే బతకని సముద్రపు బాక్టీరియా అది. చూస్తుండగానే పెరిగిపోతుంది కాబట్టి కొత్త జన్యువులు ఎక్కించడానికి మా ల్యాబులో దాన్నే వాడతాం.

ఆ మధ్యాహ్నం ఆ బాక్టీరియా కణాలతో పాలరంగులో ఉన్న గొట్టాన్ని ఐసులో పెట్టానో లేదో, కరెంటు పోయింది. ఏసీ లేక ఐసు కరిగితే పనంతా పాడు. మా ఊరు భావనపాడు నుంచి క్యారేజీ తెచ్చిన నాన్నతో "దీన్ని కాస్త సూస్తుండు నాన్నా" అని జనరేటరు దగ్గరకు పరిగెత్తాను.

వేట నుంచి రాగానే బోటు ఇంజను మీద మంచినీళ్లు పోసి ఉప్పు వదిలించనిదే అన్నం ముట్టని మనిషి మా నాన్న.

తిరిగొచ్చేసరికి గొట్టం నిండా మంచినీళ్లు పోసి ఆడిస్తున్నాడు. కణాలన్నీ పగిలి, పాలరంగు నా కళ్లముందే మాయమవుతోంది. అరవబోయాను. నాన్న నవ్వుతూ గొట్టాన్ని వెలుతురుకి ఎత్తాడు.

"మూతికి ఉప్పు పట్టీసినాదే. కడిగీసినాను. సూడు, ఎంత తేటగా ఉన్నాదో! ఇంక అన్నం తిందాం, రా."