ఓడెస్సా ఒకేలా పాడని పాట

ఓడెస్సా ప్రూయిట్‌కి పియానో ముందు కుదురుగా కూర్చోవడం ఎన్నడూ చేతకాలేదు. మెంఫిస్‌లోని తమ చర్చిలో చిన్నప్పటినుంచీ వాయించేది. రెండు చరణాలయ్యేసరికి స్టూలు వెనక్కి తన్ని లేచి నిలబడేది.

"కూర్చోవే! నిప్పుల మీదున్నావా?" అని పాడేవాళ్ళ వరసలోంచి తల్లి వెర్లీన్ గుడ్లురిమేది.

ఇరవై దాటాక ఓడెస్సా పాడిన సోల్ బాణీ ప్రేమపాటొకటి రేడియోల్లో మారుమోగిపోయింది. మంగలి షాపుల్లో అదే, వేపుడు చేపల కొట్ల దగ్గరా అదే. తల్లికి మాత్రం ఒళ్ళు మండింది.

"ప్రభువుకి పాడిన నోటితో మగాడి కోసం ఏడుస్తావా?"

ఆ మాట గుండెలో గుచ్చుకున్నా ఓడెస్సా బ్యాండుతో బస్సెక్కేసింది.

ఏ ఊళ్ళోనైనా జనానికి ఆ పాటే కావాలి, అదీ రికార్డులో ఉన్నట్టే. ఆమెకేమో నిన్నటిలా ఇవాళ పాడబుద్ధి కాదు. ఉన్నట్టుండి శ్రుతి మార్చేది, నడక తగ్గించేది. బ్యాండు నడిపే క్లైటస్ సాక్సఫోన్ పట్టుకుని దిక్కులు చూసేవాడు. మేకన్ అనే ఊళ్ళో ఓ మధ్యాహ్నం సాధన చేస్తుండగా అతని ఓపిక చచ్చింది.

"తల్లీ, నీకు దణ్ణం పెడతా. ఇవాళైనా ఉన్నదున్నట్టు పాడు."

"అలా పాడితే నాకు నిద్రొస్తుంది, క్లైటస్."

"మాకు పిచ్చెక్కుతోంది! నువ్వొక్కదానివే పాడుకో, పో."

అందరూ వాద్యాలు సర్దుకుని వెళ్ళిపోయారు. సాయంత్రం ఆమె ఒక్కతే వేదికెక్కింది. పియానో ముందు నిలబడింది. ఆ పాటనే, సమాధి దగ్గర పాడినంత నెమ్మదిగా అందుకుంది.

"మా పాట పాడవమ్మా!" అని ఎవరో అరిచారు.

"ఇది మీదే, కాస్త ఓపిక పట్టండి."

సగం మంది లేచిపోయారు. ముందు వరసలో ఒక ముసలావిడ మాత్రం చర్చిలో లాగే చెయ్యెత్తి, "చెప్పు బిడ్డా, చెప్పు!" అంది. మిగిలినవాళ్ళూ గొంతు కలిపారు. అంత బాగా ఆమె మళ్ళీ ఎప్పుడూ పాడలేదు.

రికార్డుల కంపెనీ ఆమెతో ఇంకో పాట చేయలేదు. డెట్రాయిట్, షికాగో, సెయింట్ లూయిస్, ఏ క్లబ్బులోనూ ఏడాది నిలవలేదు. జుట్టు నెరిశాక మెంఫిస్‌లో తల్లి దగ్గరికే చేరింది. సొంత చర్చిలో వాయించడం మొదలుపెట్టగానే మళ్ళీ పాత గొడవే.

"సిస్టర్ ఓడెస్సా, మేం నేర్చుకున్న శ్రుతి ఇది కాదు!" అని పాడేవాళ్ళు గోలపెట్టారు.

దాంతో ఒక్కో ఆదివారం ఒక్కో చర్చికి వెళ్ళడం అలవాటు చేసుకుంది. ఏ చర్చికైనా నెలకోసారే గనక అందరూ భరించారు, కొందరు ఎదురుచూశారు కూడా. కారు తీస్తుంటే వెర్లీన్ టోపీ పెట్టుకుని గుమ్మంలోకి వచ్చేది.

"ఇవాళ ఎక్కడికే?"

"దారిలో ఆలోచిద్దాం. ఎక్కమ్మా."

సణుక్కుంటూనే ఎక్కేది.