రెండో చెయ్యి లేచిన ఆదివారం

మా చర్చి పాస్టరు అయ్యగారు ప్రభువునందు నిద్రించారని మొన్న కల్లంలో మిరపకాయలు తిరగేస్తుంటే కబురొచ్చింది. మా మనవల దాకా అందరికీ బాప్తిస్మమిచ్చిన మనిషి. సమాధి దగ్గర నాలుగు మాటలు చెప్పమంటే నాకు నోరు పెగల్లేదు. అందుకే రాస్తున్నాను.

ఒక ఏడు ఆయన కుడి భుజం పట్టేసింది. ఆరాధన చివర పాస్టరు రెండు చేతులూ ఎత్తి దీవించడం మా ఆనవాయితీ. ఎడమ చెయ్యి ఆడవాళ్ళు కూర్చునే వైపు లేచేది. మగవాళ్ళ వైపు చెయ్యి రొమ్ము దాకా వచ్చి ఆగిపోయేది.

"మా దీవెన మాకొచ్చేసింది. మీ మగాళ్ళ గతే ఏంటో!" అని మా ఆవిడ ఇంటికొచ్చేదాకా నవ్వేది.

మొదట అయ్యగారూ నవ్వారు. తర్వాత ఒకరోజు సంఘంలో లేచి, "వచ్చే కోత పండగకి ఈ చెయ్యి లేవకపోతే ఇంకో పాస్టర్ని చూసుకోండి. సగం మందిని దీవించేవాడు మీకెందుకు?" అన్నారు.

ఆ చేతిని ప్రేమ కొద్దీ మేమే ఇంకా బిగించాం. బైబిలు కూడా మోయనివ్వలేదు. తువ్వాలుతో మెడకి కట్టి కూర్చోబెట్టాం. గుంటూరు డాక్టరు ముందుగా ఆ కట్టు విప్పించాడు. కీలు చుట్టూ ఉండే పొర, లిగమెంట్లు మందమెక్కి ముడుచుకుపోయాయని, కదపకపోతే ఇంకా ముడుచుకుంటాయని, షుగరున్నవాళ్ళకి ఇది ఎక్కువని, ఓపిగ్గా కదిలిస్తే మెల్లగా వదులవుతుందని చెప్పాడు.

చర్చి వెనక వసారా దూలానికి బావి గిలక కట్టాను. ఎడమ చేత్తో తాడు లాగితే కుడి చెయ్యి పైకి లేవాలి. రోజూ పొద్దున్నే నన్నే రమ్మనేవారు.

"ఇంతమంది పెద్దలుండగా నేనెందుకండీ?"

"నువ్వు మాట్లాడవు కదయ్యా! నేను కేకలేసినా ఊళ్ళో చెప్పవు."

నిజంగానే కేకలేసేవారు. తర్వాత గోడ మీద వేళ్ళు పాకించి, అందిన చోట నన్ను సుద్దముక్కతో గీయమనేవారు. వారాల తరబడి గీత మీదే గీత పడేది.

"ఇవాళా అక్కడేనండీ."

"నిన్నటిది పోలేదుగా. గియ్యి."

ఆ తర్వాత గీతలు వేలెడేసి పైకి జరగడం మొదలెట్టాయి. కోత పండగ వచ్చింది. ప్రభు బల్ల ముందు మేం కానుకగా తెచ్చిన మిర్చి టిక్కీ బస్తాలు, పత్తి మూటలు. దీవెనప్పుడు తల వంచి కళ్ళు మూసుకోవాలి. ఆ రోజు ఒక్కరూ మూసుకోలేదు. ఎడమ చెయ్యి లేచింది. కుడిది రొమ్ము దాటింది, భుజం దాటింది, అక్కడ కాస్త ఆగింది, చెవి దాటి పైకి పోయింది.

"మగాళ్ళకీ వచ్చేసిందర్రా!" మా ఆవిడ గొంతు.

దీవెన సగంలో ఉండగానే నేను "ఆమేన్!" అని అరిచేశాను. చర్చిలో నా గొంతు అంత గట్టిగా ఎవరూ వినలేదు. అయ్యగారు నావైపు చూసి నవ్వి, మిగతా సగం పూర్తిచేశారు. ఈసారి అందరూ అన్నారు ఆమేన్. అయినా ఆయన చేతులు దించలేదు. మిరప ఘాటుకి దగ్గుతూ, కళ్ళు తుడుచుకుంటూ మేం నిలబడ్డాం. మా తలల పైన ఆ రెండు అరచేతులూ అలాగే ఉన్నాయి.