మెరుగు పెట్టిన బ్రూచ్

చల్లపల్లిలో రిటైరైన ఇంగ్లిషు మాస్టారు ఒకాయన, బందరులో మా రోల్డ్‌గోల్డ్ నగల షాపుకి వచ్చేవారు. ఐర్లండ్ వైపు ఒకప్పుడు బతికిన కెల్టిక్ జనం వస్తువులంటే ఆయనకి ప్రాణం. కంచు బల్లెం మొన, పాత పుస్తకాలు, ఆ జనం అల్లిక ముడుల డిజైన్‌తో తర్వాతివాళ్లు చేసిన నగలు సేకరించేవారు. ఏది తెచ్చినా నా అరచేతిలో పెట్టి, "చూడ్డం కాదమ్మా, పట్టుకో," అనేవారు.

ఒకసారి బట్టలకి గుచ్చుకునే వెండి బ్రూచ్ ఒకటి, పిన్ను ఊడిపోతే ఇచ్చి అతికించమన్నారు. వందేళ్లు దాటిందట. అతికించాక, నల్లగా ఉంది కదా అని నేనే మెరుగు కూడా పెట్టాను. ఆయన దాన్ని వేలితో అటూ ఇటూ తడిమి చూశారు. తర్వాత "బాగా అతికించావమ్మా," అని జేబులో వేసుకుని వెళ్లిపోయారు.

నెల తర్వాత, పుస్తకాలు చూపిస్తానని పిలిస్తే వాళ్లింటికి వెళ్లాను. బీరువాలో వెండి నగలన్నీ నల్లగానే ఉన్నాయి.

"వీటికి కూడా మెరుగు పెడతానండీ," అన్నాను.

"వద్దమ్మా!" అంటూ ఆయన గబుక్కున చెయ్యి అడ్డం పెట్టారు. ఆ నలుపే వాటి వయసని, ఒకసారి పోతే మన జీవితకాలంలో అది మళ్లీ రాదని మెల్లగా చెప్పారు.

నాకు ఆ బ్రూచ్ గుర్తొచ్చింది. "మరి ఆ రోజు నన్ను ఒక్క మాటైనా అనలేదేంటండీ?"

"ఇంటికొచ్చి ఏడ్చాను తల్లీ," అన్నారు దాచకుండా. బ్రూచ్ బయటికి తీశారు. "కానీ దీన్ని చేసినవాడు పని ముగించి చూసుకున్నప్పుడు ఇలాగే మెరిసుంటుంది. వాడి కాలం తర్వాత ఆ మెరుపు చూసింది మనిద్దరమే."